ఎవరికి ఎవరు ఎదురు?
ఉదయగిరి - ఆత్మకూరు కబడ్డీ పోటీని ముందుగా అంచనా వేయడం ఎలా

ఉదయగిరి పిల్లలు, ఆత్మకూరు పిల్లలు ఒకే బరిలో దిగుతున్నారంటే హాస్టల్ వరండాలో వినిపించే ప్రశ్న ఒక్కటే: "ఈసారి గెలుపు ఎవరిది?" దానికి వచ్చే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "వాళ్ళలో ఫలానా వాడున్నాడు, వాడిని ఆపేవాడు లేడు" అని ఒకరంటే, "మనవాడు కూతకెళ్తే ముగ్గుర్ని కొట్టుకొస్తాడు" అని మరొకరంటారు. అంటే ఏడుగురు ఆడే ఆటను మనం ఒక్కడి ఆటగా లెక్క వేస్తున్నాం. మన అంచనాలు తరచుగా తప్పడానికి ఇదే ప్రధాన కారణం.

అమెరికాలో మిషిగన్, ఒహాయో స్టేట్ అనే రెండు విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ జట్లు 1897లో మొదటిసారి తలపడ్డాయి. ఆ రెండు రాష్ట్రాల ప్రజలకు ఇప్పటికీ ఆ ఆట పండుగతో సమానం. అటువంటి పోటీకి ముందు అక్కడి పత్రికలు "ఎవరు గొప్ప" అని మాత్రమే రాయవు. వీళ్ళ ఫలానా ఆటగాడికి వాళ్ళ ఫలానా ఆటగాడు ఎదురుపడతాడు, అక్కడ పైచేయి ఎవరిదైతే ఆట అటు మొగ్గుతుంది అని జతలు జతలుగా విడదీసి చెబుతాయి. మన కబడ్డీని కూడా అలాగే చూడవచ్చు. వార్షికోత్సవంలో గాని, మండల, డివిజన్ స్థాయి పోటీల్లో గాని ఉదయగిరి, ఆత్మకూరు ఎదురుపడినప్పుడు కన్ను ఎక్కడ పెట్టాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. ఆడేవాళ్ళకు ఇది ఎంత ఉపయోగమో, చూసేవాళ్ళకూ అంతే ఉపయోగం.

ముందుగా బరి కొలతలు

పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. నడిగీతకు అటు 6.5 మీటర్లు, ఇటు 6.5 మీటర్లు. నడిగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ గీత ఉంటుంది. కూతకు వెళ్ళినవాడు ఎవరినీ తాకకుండా తిరిగి రావాలంటే కనీసం ఈ గీతనైనా దాటాలి, లేకపోతే ఔట్. దానికి మరో మీటరు అవతల బోనస్ గీత. మహిళల బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. సబ్ జూనియర్ల బరి 11 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు.

జట్టులో 12 మంది వరకు ఉండవచ్చు. బరిలో దిగేది ఏడుగురే. పురుషులకు 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. మహిళలకు, సబ్ జూనియర్లకు 15 నిమిషాల చొప్పున. ఒక కూతకు గడువు 30 సెకన్లు. ఈ లెక్కన 40 నిమిషాల ఆటలో సుమారు 80 కూతలు, ఒక్కో జట్టుకు 40 చొప్పున వస్తాయి. ఈ 40 అనే అంకెను గుర్తుంచుకోండి.

మొదటి జత: మేటి కూతగాడు, అవతలి మూలలవాళ్ళు

కూతకు వచ్చేవాడు, కాచేవాళ్ళు ఎదురెదురుగా నిలబడతారు గనుక అతని కుడిచేయి వైపున ఉండేది మన ఎడమ మూల. ప్రతి కూతగాడికీ అలవాటైన వైపు ఒకటి ఉంటుంది. కాలు చాచి బొటనవేలితో తాకేవాడైనా, చేయి విసిరేవాడైనా, వెనక్కి తిరిగి తన్నేవాడైనా సగానికి పైగా కూతల్లో ఆ వైపుకే వెళ్తాడు. అందుచేత "వాళ్ళ మేటి కూతగాడు ఎవరు" అన్న ప్రశ్న సగమే. "అతను ఏ వైపు వెళ్తాడు, ఆ మూలలో మనవాడు ఎవరు" అన్నదే పూర్తి ప్రశ్న.

మూలలో నిలబడేవాడికి బలం కంటే ఓపిక అవసరం. అతని ప్రధాన ఆయుధం మడమ పట్టు. కూతగాడి కాలు లోపలికి వచ్చి, తిరిగి వెనక్కి లాగే ముందు నేలపై నిలిచే ఆ క్షణంలోనే పట్టాలి. ముందుగా దూకితే ఒక పాయింటు ఇచ్చినట్టే. ఆలస్యమైతే అతను నడిగీత దాటిపోతాడు. ఇరాన్ దేశపు ఫజల్ అత్రాచలి ఎడమ మూలలో నిలబడే ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. ప్రో కబడ్డీలో పట్టులతోనే 400 పాయింట్లు దాటిన ఆటగాడు అతను.

భారత పురుషుల జట్టు 1990 బీజింగ్ ఆసియా క్రీడల నుంచి 2014 ఇంచియాన్ వరకు వరుసగా ఏడు స్వర్ణాలు గెలిచింది. 2018లో జకార్తాలో సెమీఫైనల్లోనే ఇరాన్ చేతిలో 18-27 తేడాతో ఓడింది. మన కూతగాళ్ళు పేరు లేనివారేమీ కాదు. కాని ఆ రోజు జట్టు మొత్తం కలిసి చేసినవి 18 పాయింట్లే. అవతలి కాపుదల గట్టిగా ఉంటే పేరున్న కూతగాళ్ళు కూడా ఏమీ చేయలేరని ఆ ఆట చూపింది.

రెండో జత: మేటి కూతగాడు బయట ఉన్నప్పుడు

అసలైన పోటీ ఇదే. దీన్ని గమనించేవారు మాత్రం తక్కువ. మేటి కూతగాడిని పట్టుకుంటే మనకు వచ్చేది ఒక్క పాయింటే. అంతకంటే పెద్ద లాభం ఏమిటంటే, అతను బయట కూర్చోవాలి. వాళ్ళ జట్టు మనలో ఒకరిని ఔట్ చేస్తేనే అతను మళ్ళీ బతికి లోపలికి వస్తాడు. ఒకరి కంటే ఎక్కువ మంది బయట ఉంటే ఔటైన వరసలోనే లోపలికి రావాలి. బోనస్ పాయింటుతో ఎవరూ బతకరు. కనుక అతను బయట ఉన్నంతసేపు కూతకు వెళ్ళే రెండోవాడు, మూడోవాడు ఎలాంటివాళ్ళు అన్నదే ఆటను తేలుస్తుంది.

మన తెలుగు టైటాన్స్ జట్టును తీసుకోండి. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా ఇచ్చి కొనుక్కున్నారు. ఆ పదో సీజన్లో అతను కూతల్లో 200కు పైగా పాయింట్లు చేశాడు. అయినా జట్టు 22 ఆటల్లో గెలిచినవి రెండే, పట్టికలో చిట్టచివర నిలిచింది. ఒక్కడు ఎంత ఎత్తు ఎగిరినా మిగతా ఆరుగురి లెక్క సరిపోకపోతే ఫలితం ఇలాగే ఉంటుంది.

అందుచేత ఉదయగిరి కెప్టెన్ అయినా, ఆత్మకూరు కెప్టెన్ అయినా పోటీకి ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: "మనకు వచ్చే 40 కూతల్లో మన మేటి ఆటగాడు 20కి వెళ్తాడనుకుందాం. మిగతా 20 ఎవరివి?" ఈ ప్రశ్నకు జవాబు ఉన్న జట్టుకే గెలిచే అవకాశాలు ఎక్కువ.

మూడో జత: బోనస్ గీత, కాచేవాళ్ళ నిగ్రహం

అవతల ఆరుగురు లేదా ఏడుగురు ఉన్నప్పుడే బోనస్ దొరుకుతుంది. ఒక కాలు బోనస్ గీత దాటి నేలను తాకాలి, ఆ సమయంలో రెండో కాలు గాలిలో ఉండాలి. చిన్నగా, చురుగ్గా ఉండే కూతగాడు ఎవరినీ తాకకుండానే ఇలా ఒక్కో పాయింటు పోగు చేసుకుంటాడు. గింజ గింజ ఏరినట్టు మొదటి పది నిమిషాల్లో నాలుగైదు బోనస్‌లు పోతే కాచేవాళ్ళకు చిరాకు వస్తుంది. చిరాకులో ఎవడో ఒకడు ముందుకు దూకుతాడు. బోనస్‌తో పాటు అతనూ ఔట్. కూతగాడికి కావలసింది అదే.

దీనికి విరుగుడు రెండు మూలలవాళ్ళూ గీత దగ్గర నిలకడగా ఉండి కాలు దించే చోటు ఇవ్వకపోవడం, మధ్యలో ఉన్న కవర్లు చేతులు పట్టుకుని గొలుసుగా కదలడం. కూతగాడు బోనస్ కోసం బాగా లోపలికి వచ్చాడంటే తిరిగి వెళ్ళవలసిన దూరం కూడా ఎక్కువేనని కాచేవాళ్ళు మరచిపోకూడదు.

నాలుగో జత: మూడో కూత

వరుసగా రెండు కూతలు పాయింటు లేకుండా తిరిగివస్తే మూడో కూతలో తప్పనిసరిగా పాయింటు తేవాలి. లేకపోతే ఆ కూతగాడు ఔట్. దీనినే చావో రేవో కూత అంటారు. ఇది ప్రో కబడ్డీ రోజుల నుంచి బాగా ప్రచారంలోకి వచ్చిన నిబంధన.

ఇక్కడ మన ఉదయగిరి దుర్గం చరిత్రే ఒక పాఠం. గజపతుల అధీనంలో ఉన్న ఆ కొండకోటను శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. ఎక్కి దూకితే పడే కోట కాదది. ఏడాదికి పైగా ముట్టడి సాగించి 1514లో గాని పట్టుకోలేకపోయాడు. మూడో కూతలో కాచే జట్టు స్థానం కోటలోని వారి వంటిది. గడియారం వాళ్ళ పక్షాన ఉంది. వాళ్ళు ముందుకు రావలసిన పని లేదు. 30 సెకన్లు గడిస్తే చాలు, పాయింటు దానంతటదే వస్తుంది. అవసరం కూతగాడిది గనుక అతనే లోపలికి రావాలి, వచ్చిన చోటే చిక్కుతాడు.

అయితే ఓపిక కూతగాడికీ పనికొస్తుంది. మొదటి పది సెకన్లలోనే తెగించేవాడి కంటే, పక్కల మీద పక్కలు మారుతూ కాచేవాళ్ళ గొలుసును చెదరగొట్టి ఇరవయ్యో సెకనులో తాకేవాడు ప్రమాదకారి. పోటీ చూసేటప్పుడు మూడో కూతకు కెప్టెన్ ఎవరిని పంపుతున్నాడో గమనించండి. ఆ జట్టుకు ఎవరి మీద నిజమైన నమ్మకం ఉందో అక్కడ తెలుస్తుంది.

ఐదో జత: ముగ్గురే మిగిలినప్పుడు

ఏడుగురూ ఔటైతే అవతలి జట్టుకు లోనా రూపంలో రెండు పాయింట్లు అదనం. ఆ జట్టు మాత్రం ఏడుగురితో మళ్ళీ లోపలికి వస్తుంది. ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది మిగిలినప్పుడు కూతగాడిని పట్టుకుంటే సూపర్ పట్టు. మామూలుగా వచ్చే ఒక్క పాయింటుకు మరొకటి కలుస్తుంది. బతికేది మాత్రం ఒక్కరే.

కొద్దిగా లెక్క వేద్దాం. ఆత్మకూరు జట్టు 12-10తో ముందుంది, ఉదయగిరిలో ఇద్దరే మిగిలారు అనుకోండి. ఆ ఇద్దరినీ ఒకే కూతలో తాకి వస్తే ఆత్మకూరుకు రెండు, లోనాతో మరో రెండు. అంటే 16-10. అదే కూతలో కూతగాడిని ఆ ఇద్దరూ పట్టేస్తే ఉదయగిరికి రెండు, స్కోరు 12-12. ఒకే ఒక్క కూతలో ఆరు పాయింట్ల తేడాకు, సమానానికి మధ్య ఆట ఊగుతుంది. అందుకే ఇద్దరో ముగ్గురో మిగిలి ఉన్నప్పుడు తొందరపడి కొత్త కుర్రవాడిని పంపకూడదు. అలాగే ఇద్దరే మిగిలినవాళ్ళు ఓడిపోయినట్టు తలలు దించుకోకూడదు.

2016లో అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ చూడండి. విరామ సమయానికి ఇరాన్ 18-13తో ముందుంది. రెండో భాగంలో అజయ్ ఠాకూర్ వరుస కూతలతో ఆట తిరగబడింది. చివరికి భారత్ 38-29తో గెలిచింది. ఆ పోటీల మొదటి ఆటలో ఇదే భారత జట్టు దక్షిణ కొరియా చేతిలో 32-34తో ఓడింది. విరామం స్కోరు చూసి ఇళ్ళకు వెళ్ళిపోయేవారు ఈ రెండు ఫలితాలనూ గుర్తుంచుకోవాలి.

ఆరో జత: రెండు జట్లు, ఒకే నిబంధన

ఇప్పటివరకు చెప్పినవి బరిలోని జతలు. బరి బయట తేలవలసినది ఒకటుంది. నిజానికి మన పోటీల్లో స్నేహాలు చెడేది దీని వల్లే.

2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్, ఇరాన్ 28-28తో సమానంగా ఉన్నాయి. ఇంకా నిమిషం పైచిలుకు ఆట మిగిలి ఉంది. పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళి ఎవరినీ తాకకుండానే పక్కనున్న లాబీలోకి అడుగు పెట్టాడు. అతన్ని పట్టడానికి ఇరాన్ ఆటగాళ్ళూ వెంట లాబీలోకి వెళ్ళారు. ఎవరినైనా తాకిన తర్వాతే లాబీ ఆటలోకి వస్తుంది. మరి కూతగాడు ఒక్కడే ఔటా, వెంట వెళ్ళిన వారంతా కూడా ఔటా? పాత నిబంధన ఒకటి, కొత్త నిబంధన మరొకటి. ఏది వర్తిస్తుందో తేలక ఆట దాదాపు గంటసేపు ఆగిపోయింది. ఆటగాళ్ళు బరిలోనే కూర్చున్నారు. చివరకు 33-29తో భారత్‌కు స్వర్ణం దక్కింది గాని, ఆ వాదన ఆటతో ముగియలేదు.

అంతర్జాతీయ అంపైర్లు, వీడియోలు ఉన్నచోటే ఇలా జరిగితే, ముగ్గుపిండితో గీతలు గీసుకునే మన బరిలో సంగతేమిటి? అందుచేత ఈల వేయక ముందే రెండు జట్ల కెప్టెన్లు, ఇద్దరు వార్డెన్లు, పి.ఇ.టి. మాస్టారు కూర్చుని ఈ విషయాలు కాగితం మీద రాసుకోవాలి.

లాబీ నిబంధన ఏది? బోనస్ ఉందా? మూడో కూత నియమం, సూపర్ పట్టు ఉన్నాయా? సమానమైతే ఏం చేయాలి? వయసు, బరువు పరిమితి ఎంత? ఈ చివరిది చాలా ముఖ్యం. అయిదో తరగతి నుంచి పదో తరగతి వరకు ఒకే కప్పు కింద ఉండే మన హాస్టళ్ళలో, ఇంటర్ చదివే అన్నను పదో తరగతి జట్టులో కలిపేస్తే అది పోటీ అనిపించుకోదు. ఎదురు నిలబడిన చిన్నవాడి మోకాలికో భుజానికో దెబ్బ తగిలితే నష్టపోయేది వాడి చదువు, ఆ ఇంటి కూలి డబ్బులు.

అలాగే అందరికీ వర్తించే కొన్ని నియమాలున్నాయి. గోళ్ళు కత్తిరించుకోవాలి. ఒంటికి నూనె రాసుకోకూడదు. కూతగాడి నోరు మూయడం, కాళ్ళతో కత్తెర పట్టు వేయడం, జుట్టు, బట్టలు పట్టి లాగడం తప్పు. తప్పు చేసినవాడికి మొదట ఆకుపచ్చ కార్డుతో హెచ్చరిక, తర్వాత పసుపు కార్డుతో రెండు నిమిషాలు బయట, ఎరుపు కార్డుతో ఆట నుంచే బయటకు. ముందు రోజు సాయంత్రం రాళ్ళు ఏరి, నేల తడిపి చదును చేసుకోవడం కూడా ఆటలో భాగమే. ఆ పని రెండు హాస్టళ్ళ పిల్లలూ కలిసి చేస్తే మరీ మంచిది.

నూరు పేజీల నోటుపుస్తకం

ఈ జతలన్నీ తెలుసుకోవడానికి కంప్యూటర్లు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, ఆట మీద కన్ను తిప్పని ఒక విద్యార్థి చాలు. ప్రతి కూతకు ఒక వరస. అందులో అయిదు గళ్ళు: కూతకు వెళ్ళినది ఎవరు, ఏ వైపు వెళ్ళాడు, అవతల ఎంతమంది ఉన్నారు, ఏమైంది, ఎవరు పట్టారు లేదా ఎవరు ఔటయ్యారు. నాలుగు ఆటలు రాస్తే చాలు, వాళ్ళ మేటి కూతగాడు ఎటు వెళ్తాడో, మన కుడి మూల ఎన్నిసార్లు తొందరపడిందో అంకెల్లో కనబడుతుంది.

దీనివల్ల మరో మేలు ఉంది. చప్పట్లు ఎప్పుడూ కూతగాడికే పడతాయి. గొలుసులో చెయ్యి వదలకుండా నిలబడిన కవర్ ఆటగాడి పేరు ఎవరికీ గుర్తుండదు. నోటుపుస్తకం మాత్రం అతన్ని మరచిపోదు. ఆడని పిల్లవాడికీ జట్టులో ఒక పని దొరుకుతుంది. వందమంది ఉండే హాస్టల్లో బరిలోకి దిగేది ఏడుగురే. మిగతావారిలో లెక్క బాగా వచ్చేవాడు, చూపు చురుకైనవాడు జట్టుకు ఎనిమిదో ఆటగాడవుతాడు.

బాలికల హాస్టళ్ళ చెల్లెళ్ళు కూడా ఇది గమనించాలి. ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీ 2010లో చేరింది. 2018లో భారత మహిళలు ఫైనల్లో ఇరాన్ చేతిలో 24-27తో ఓడారు. ఆ ఇరాన్ జట్టుకు శిక్షణ ఇచ్చినది మన దేశపు నాసిక్‌కు చెందిన శైలజా జైన్ గారే. 2023లో మన మహిళలు చైనీస్ తైపీపై 26-25తో, ఒక్క పాయింటు తేడాతో స్వర్ణం తిరిగి తెచ్చారు. బరిలో ఆడడం ఎంత గొప్పో, ఆటను చదివి మరొకరికి నేర్పడం కూడా అంతే గొప్ప. ఈ చదువు ఎవరికైనా అందుతుంది.

కనుక తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఈసారి "గెలుపు ఎవరిది" అని ఎవరైనా అడిగితే వెంటనే ఒక పేరు చెప్పకండి. మేటి కూతగాడికి ఎదురుగా ఏ మూల ఉంది, అతను బయట ఉన్నప్పుడు కూతకు వెళ్ళేది ఎవరు, మూడో కూతలో ఓపిక ఎవరిది, ఇద్దరే మిగిలినప్పుడు తల ఎత్తుకుని నిలబడేది ఎవరు, ఈ నాలుగూ అడగండి. నిబంధనలు కాగితం మీద ఉన్నాయా అని అయిదోది అడగండి. నోటుపుస్తకాన్ని భద్రంగా ఉంచి వచ్చే ఏడాది జట్టుకు అందించండి. పూర్వ విద్యార్థులు ఊరికి వచ్చినప్పుడు ఒక బంతో, ఒక బ్యాటో ఇచ్చినట్టే, ఒక సాయంత్రం మైదానంలో నిలబడి మూలలో ఎలా నిలబడాలో కూడా నేర్పితే అది పది కాలాలపాటు నిలుస్తుంది.

ఉదయగిరి జట్టుకు, ఆత్మకూరు జట్టుకు శుభాకాంక్షలు. ఎవరు గెలిచినా ఆట అయ్యాక రెండు జట్లూ ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేయాలని మా కోరిక.